డాట్ ఇన్ పేరు పదేళ్లు వాడాక: పలాస జీడిపప్పు కొట్టు నుంచి

పోయిన సోమవారం మా కొట్టు వెబ్‌సైట్ డాట్ ఇన్ పేరుకి మళ్లీ డబ్బు కట్టాను. ఇన్నాళ్లూ ఏడాదికోసారి కట్టేదాన్ని, ఈసారి ఐదేళ్లకీ ఒకేసారి కట్టేశాను. మందసలో, సోంపేటలో, ఇక్కడ కాశీబుగ్గలో పప్పు వ్యాపారం చేసేవాళ్లు తరచూ అడుగుతుంటారు, "వెబ్‌సైట్ పెడదామనుకుంటన్నాం, డాట్ కామ్ తీసుకోమంటావా, డాట్ ఇన్ తీసుకోమంటావా" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదిది. ఈ సంక్రాంతికి ముందు మాకు జరిగింది చూశాక, వివరంగా రాయాలనిపించింది.

మాది పలాస. మామయ్యగారు జీడి పిక్కలు కాల్చి, వలిపించి, పప్పు ఏరించి అమ్మేవారు. నేను ఎం.సి.ఏ. చదివి కోడలిగా వచ్చాను. లెక్కలు నా చేతికొచ్చాక 2015లో వెబ్‌సైట్ పెట్టించాను. గుండు పప్పులో 240 రకం, 320 రకం, బద్ద, ముక్క, అన్నీ ధరలతో సహా అందులో ఉంటాయి. బరంపురం నుంచి, విశాఖ నుంచి, విజయనగరం నుంచి ఆర్డర్లొస్తాయి. పండగల ముందు రోజుకి నలభై, యాభై పార్సిళ్లు కట్టిన రోజులున్నాయి. వెబ్‌సైట్ బొమ్మల గురించో, స్పీడు గురించో కాదు నేను చెప్పబోయేది. ఆ పేరు గురించి, ఆ పేరు రాసిపెట్టుకునే పుస్తకం గురించి.

మా వైపు పొలం ఉన్నవాళ్లకి ఇలా చెప్తే తొందరగా తెలుస్తుంది. డాట్ ఇన్ అని చివరున్న ప్రతి పేరూ ఒక పెద్ద అడంగల్‌లో, అంటే ఏ పొలం ఎవరిదో రాసిపెట్టే పుస్తకం లాంటిదాంట్లో, ఉంటుంది. ఆ అడంగల్ ఉంచేది నిక్సీ అనే సంస్థ. 2003లో లాభాపేక్ష లేని కంపెనీగా పెట్టారు, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద పనిచేస్తుంది. మనం నేరుగా అక్కడికి వెళ్లం. మీసేవలో దరఖాస్తు పెట్టినట్టు, రిజిస్ట్రార్ అనే కంపెనీ దగ్గర డబ్బు కట్టి పేరు రాయించుకుంటాం. అలాంటి కంపెనీలు చాలా ఉన్నాయి. ఎవరి దగ్గర కొన్నా, చివరికి రాత పడేది ఆ ఒక్క పుస్తకంలోనే. ప్రపంచంలో ఎవరు మా పేరు టైప్ చేసినా, ముందు ఆ పుస్తకాన్నే అడగాలి, ఈ పేరు ఏ సర్వర్‌కి చెందిందని. పుస్తకం జవాబివ్వకపోతే మా సర్వర్ ఎంత బాగున్నా కొట్టు మూసినట్టే.

అడంగల్‌లో రెండు గళ్లుంటాయి కదా, పట్టాదారు ఒకరు, అనుభవదారు ఒకరు. నేను మొదటి దెబ్బ తిన్నది అక్కడే. సైట్ తయారుచేసిన విశాఖ కుర్రాడు పేరుని తన మెయిల్‌తో, తన పేరు మీదే కొన్నాడు. నేను పట్టించుకోలేదు. మూడేళ్లు వాడుకున్నది మేం, పట్టా అతనిది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పక్కనే తీరం దాటింది. ఉద్దానం వాళ్లకి ఆ రాత్రి గురించి నేను చెప్పక్కర్లేదు. జీడి తోటలు, కొబ్బరి తోటలు పడిపోయాయి. మామయ్యగారు నాటిన చెట్లు వేళ్లతో సహా లేచి అడ్డంగా పడి ఉంటే, ఆయన వాటి మధ్య నిలబడి మాట్లాడకుండా ఉండిపోయారు. కరెంటు లేదు, టవర్లు లేవు. రోజుల తర్వాత సోంపేట అవతలికి పోయి ఫోన్ పట్టుకుంటే, పూణేలో ఉన్న మా ఆడపడుచు చెప్పింది, "వదినా, మన సైట్ తెరుచుకుంటోంది, ఎవరో ఆర్డర్ కూడా పెట్టారు" అని. ఊరంతా చీకట్లో ఉన్నా మా పేరు మాత్రం నిలబడి ఉంది. పుస్తకం ఒక్కచోట ఉండదు, దాని నకళ్లు ఎన్నో ఊళ్లలో, ఎన్నో దేశాల్లో సర్వర్ల మీద ఉంటాయి, దగ్గరలో ఉన్నది జవాబిస్తుంది. చదువుకున్నప్పుడు పరీక్ష కోసం రాసిన ముక్క, ఆ రోజు సోంపేట రోడ్డు మీద నిలబడి అర్థం చేసుకున్నాను.

ఆ ఆనందం ఎన్నాళ్లో లేదు. పేరు గడువు అదే నెలాఖరు. గుర్తుచేసే మెయిల్ వెళ్లింది ఆ కుర్రాడికి. అతను అప్పటికే ఊరు మారాడు, ఫోన్ ఎత్తడు. డిసెంబర్లో ఓ ఉదయం సైట్ లేదు. గడువు తీరిన వెంటనే పేరు పోదు, కొన్నాళ్లు మామూలు రుసుముతోనే నిలబెట్టుకోవచ్చు. అదీ దాటితే 30 రోజుల విమోచన గడువు ఉంటుంది, కానీ రుసుము ఎన్నో రెట్లు. అదీ దాటితే ఐదు రోజుల్లో పేరు పుస్తకంలోంచి చెరిగిపోయి, ఎవడు ముందొస్తే వాడిది. మేం విమోచన గడువులో ఉన్నాం. అతన్ని బంధువుల ద్వారా వెతికి పట్టుకుని, సంతకాలు పెట్టించి, అడిగినంతా కట్టి, పేరు నా పేరు మీదికి మార్పించుకున్నాను. తోటలు పోయిన ఏడాదిలో ఆ డబ్బు మాకు చిన్నది కాదు. కాబట్టి కొత్తగా తీసుకునేవాళ్లకి నా మొదటి మాట: సైట్ ఎవరిచేత చేయించుకున్నా, పేరు మాత్రం మీ ఆధార్ మీద, మీ మెయిల్ మీద, మీరే కొనండి.

ఇక సంక్రాంతి ముందు సంగతి. జనవరి మొదటి వారంలో విజయనగరం నుంచి ఓ మాస్టారు ఫోన్ చేశారు. రిటైరయిన లెక్కల మాస్టారట.

"ఏటమ్మా, డబ్బులేసి పది రోజులైపోనాది, ఇంకా సరుకు రానేదేటి?"

ఆర్డర్ పుస్తకంలో ఆయన పేరు లేదు. ఎక్కడ కట్టారండీ అని అడిగితే, సైట్ పేరు చదివి చెప్పారు. మా పేరే. మధ్యలో ఒక అక్షరం ఎక్కువ. తెరిచి చూస్తే నా గుండె ఆగినంత పనైంది. మా ఫోటోలు, మా కల్లంలో పిక్కలు ఎండబోసిన బొమ్మ, మా ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. ఆహార లైసెన్స్ నంబర్, అన్నీ ఎత్తుకుపోయి పెట్టారు. ఫోన్ నంబరూ, డబ్బు వేసే క్యూఆర్ కోడ్ మాత్రం వాళ్లవి. ధర మాకంటే కిలోకి వంద తక్కువ. అదీ డాట్ ఇన్ పేరే.

మామయ్యగారికి చూపిస్తే ఆయన అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. "డాట్ ఇన్ అంటే గవర్నమెంటోళ్లు ఇచ్చిందే కదమ్మా, దొంగోళ్లకి ఎలాగిచ్చారు?" మా ఊళ్లో చాలామంది ఇలాగే అనుకుంటారు. నేను గట్టిగా చెప్పదలచిన రెండో సంగతి ఇది. జీవోవి డాట్ ఇన్ అని చివరుంటే అది సర్కారుది, ఇతరులకి ఇవ్వరు. ఏసీ డాట్ ఇన్ చదువుల సంస్థలకి. ఉత్త డాట్ ఇన్, కో డాట్ ఇన్ మాత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు. ముద్ర చూసి నమ్మడానికి అది హాల్‌మార్క్ కాదు. 2005కి ముందు నిబంధనలు బిగుతుగా ఉండేవి, అప్పటికి డాట్ ఇన్ పేర్లు పట్టుమని పదివేలు కూడా లేవు. 2005లో తలుపులు తెరిచారు. ఇప్పుడు 40 లక్షలకు పైనే. తలుపులు తెరవబట్టే నాలాంటిది లోపలికి రాగలిగింది, ఆ దొంగ కూడా అదే తలుపులోంచి వచ్చాడు.

మాస్టారిచేత ముందు సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేయించాను. సైబర్ నేరాల పోర్టల్లో ఆయన ఒక ఫిర్యాదు, నేనొకటి పెట్టాం. తర్వాత హూయిజ్‌లో, అంటే ఏ పేరు ఎవరిదో వెతికి చూసే చోట, వెతికి, ఆ దొంగ పేరు ఏ రిజిస్ట్రార్ దగ్గర కొన్నారో చూసి వాళ్లకి రాశాను. ఆ కంపెనీ పేరు రాయను. వాళ్ల నుంచి మొదట యంత్రం పంపిన మెయిల్, రెండో రోజు "కోర్టు ఉత్తర్వు ఉందా" అని ప్రశ్న. పండగ వారం రోజుల్లో ఉంది. రోజూ ఎంతమంది మోసపోతున్నారో తెలీదు. నేను రాత్రి కూర్చుని, మా జీఎస్టీ పత్రం, లైసెన్స్, మా ఫోటోల అసలు ఫైళ్లు వాటి తేదీలతో సహా, పోలీసు ఫిర్యాదు నంబర్, పక్కపక్కన రెండు సైట్ల స్క్రీన్‌షాట్లు కట్టకట్టి, రిజిస్ట్రార్‌కీ, పుస్తకం ఉంచే రిజిస్ట్రీ, అంటే నిక్సీ, ఫిర్యాదుల మెయిల్‌కీ పంపాను. నాలుగో రోజు సాయంత్రం ఆ పేరు హోల్డ్‌లో పడింది.

హోల్డ్ అంటే పుస్తకంలో రాత ఉంటుంది, కానీ అడిగినవాళ్లకి జవాబు చెప్పరు. అయినా కొందరి ఫోన్లలో మర్నాటి దాకా తెరుచుకుంటూనే ఉంది, మధ్యలో ఉన్న సర్వర్లు పాత జవాబుని కాసేపు దాచుకుంటాయి కాబట్టి. వారం తిరక్కుండా వాళ్లు ఇంకో దేశపు తోకతో, అంటే పేరు చివర డాట్ ఇన్ బదులు ఇంకో దేశపు ముక్కతో, మళ్లీ తెరిచారు. దాన్ని మూయించడం ఇంకో కథ. పేరు మూస్తే తలుపు మూసినట్టు, అంతే. దాంతో దొంగ దొరకడు, పోయిన డబ్బు తిరిగిరాదు. ఇది రిజిస్ట్రీ చేతిలో లేని పని, దాన్ని వాళ్ల లోటుగా నేను లెక్కపెట్టను.

నాలుగు రోజులు ఎక్కువా తక్కువా? ఆ వారం నన్నడిగితే నాలుగు గంటలు కూడా ఎక్కువే అనేదాన్ని. ఇప్పుడు అలా అనలేను. ఎందుకంటే అంతకు ముందే, దీనికి ఎదురుగా ఉన్న దెబ్బ కూడా నేనే తిన్నాను.

రెండేళ్ల కిందట దీపావళి ముందు ఒక మెయిల్ వచ్చింది. "మీ డాట్ ఇన్ పేరుకి గుర్తింపు పత్రాలు అందజేయాలి, గడువులోగా చేయకపోతే పేరు నిలిపివేయబడుతుంది", కింద ఒక లింకు. బ్యాంకువాళ్లు, పోలీసులు మనకి రోజూ చెప్పేదేమిటి? తొందరపెట్టే మెయిల్ వస్తే నొక్కకండి, ఆధార్ ఎక్కించకండి అని. ఆ పాఠం బాగా నేర్చుకున్నాను కాబట్టి చెరిపేశాను. అది నిజమైన మెయిల్. నా పేరు హోల్డ్‌లో పడింది. దీపావళి పార్సిళ్ల రద్దీలో రెండు రోజులు సైట్ లేదు. రిజిస్ట్రార్ కాల్ సెంటర్లో ఇంగ్లీషు, హిందీ తప్ప లేదు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి సరిపోయింది. పక్క వీధిలో ఇత్తడి సామాన్లు అమ్మే అతనికైతే ఏం జరిగిందో కూడా తెలిసేది కాదు.

ఆ రెండు రోజులూ నేను తిట్టని తిట్టు లేదు. మొన్న సంక్రాంతికి మాత్రం, ఆ దొంగ పేరు కొన్నవాడి దగ్గర కూడా అంతే గట్టిగా పత్రాలు అడిగి ఉంటే బాగుండేది కదా అని నేనే అనుకున్నాను. రెండూ నా నోటి నుంచే వచ్చిన మాటలు. డాట్ ఇన్‌లో అసలు యజమాని ముసుగేసుకుని ఇంకో కంపెనీ పేరు చూపించే సదుపాయం ఉండదు, నిబంధనల్లోనే వద్దన్నారు. చాలా తోకల్లో అది మామూలు. నా మటుకు ఇది మంచి నిబంధనే. కానీ పత్రం అడిగే తీరు దొంగ అడిగే తీరులాగే ఉంటే, జాగ్రత్తపడినవాళ్లే దెబ్బతింటారు. మెయిల్‌లో లింకు పెట్టకుండా, "మీ ఖాతాలోకి మీరే వెళ్లి చూసుకోండి" అని రాస్తే చాలు. తెలుగులో రాస్తే ఇంకా మంచిది. ఇందులో పెద్ద ఖర్చు కూడా లేదు.

ఆ పుస్తకం పట్టుకు కూర్చున్నవాళ్ల మీద ఎన్ని వైపుల నుంచి లాగుడు ఉంటుందో ఈ రెండు గొడవల తర్వాత నేను కూర్చుని చదివాను. కంప్యూటర్ భద్రత చూసే సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఒక ఆదేశం ఇచ్చింది: సైబర్ దాడి కనిపిస్తే 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు, అంటే సర్వర్లలో ఎప్పుడేం జరిగిందో రాసుండే లెక్కలు, 180 రోజులు దాచాలి. ఇంకోవైపు 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అనుమతి లేకుండా జనం వివరాలు బయట పెట్టకూడదంటుంది. నేను హూయిజ్‌లో ఆ దొంగ ఎవడో చూద్దామంటే కనిపించలేదు, నా ఇంటి అడ్రసు కూడా అలాగే అందరికీ కనిపించకుండా ఉంది. పదేళ్ల కిందట నా ఫోన్ నంబర్ అక్కడ బహిరంగంగా ఉండేది, సైట్ చేసిపెడతామని రోజుకి ఐదారు ఫోన్లు వచ్చేవి. మళ్లీ ఆ రోజులు రావాలని మాత్రం కోరుకోను.

కోర్టులది మరో లాగుడు. పెద్ద పెద్ద కంపెనీలు తమ పేరు పెట్టుకున్న దొంగ సైట్ల మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్తుంటాయి. దొంగ ఎవరో తెలీదు కాబట్టి ప్రతివాది గడిలో "అశోక్ కుమార్" అని రాస్తారు. ముఖం తెలియని మనిషికి మన కోర్టులు పెట్టుకున్న పేరది. ఉత్తర్వు వస్తే రిజిస్ట్రార్లు పాటించాలి. కోర్టు దాకా పోకుండా నిక్సీకే ఒక తగవు తీర్చే విధానం ఉంది, 1996 మధ్యవర్తిత్వ చట్టం కింద నడుస్తుంది. మన పేరుకి దగ్గరగా ఉందని, అవతలివాడికి దాని మీద హక్కు లేదని చూపించాలి. మూడోది, పేరుని చెడు ఉద్దేశంతో కొన్నా చాలు, చెడుగా వాడినా చాలు. డాట్ కామ్‌కి ఉన్న విధానంలో ఆ రెండూ రుజువు చేయాలి. డాట్ ఇన్ తీసుకోమని నేను చెప్పే కారణాల్లో ఇదొకటి. అయితే ఆ దారి పట్టాలంటే ట్రేడ్‌మార్క్ ఉంటే బలం, ఫీజు కట్టాలి, ఇంగ్లీషులో కాగితాలు తయారుచేయాలి. మాకు ట్రేడ్‌మార్క్ లేదు. నలభై ఏళ్లుగా ఊళ్లో అందరికీ తెలిసిన పేరు కదా, దానికి వేరే కాగితం ఎందుకనుకున్నాం. ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టాను.

దాడుల సంగతికొస్తే, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. 2009 అక్టోబర్లో స్వీడన్ వాళ్ల పుస్తకం కొత్త ప్రతి తయారుచేసే ప్రోగ్రాంలో ఒక చుక్క పడిపోయింది. పేరు చివర ఉండాల్సిన ఒక్క చుక్క. ఆ దేశపు తోక ఉన్న పేర్లన్నీ కాసేపు మాయమయ్యాయి. ఎవరూ దాడి చేయలేదు, చేతి తప్పిదం. 2015 డిసెంబర్లో టర్కీ పుస్తకం మీద ఉత్తుత్తి ప్రశ్నలు వరదలా గుమ్మరించి రోజుల తరబడి ఊపిరాడనివ్వలేదు. 2019లో గ్రీసు దేశపు రిజిస్ట్రీ నడిపే సంస్థలోకే దొంగలు చొరబడ్డారు. అది అన్నిటికంటే భయం. పుస్తకం రాసే గుమస్తా చెయ్యి పట్టుకుంటే, ఎవరి పొలాన్నైనా ఎవరి పేరు మీదికైనా మార్చి రాయొచ్చు. అలా మార్చకుండా ఉండటానికే జవాబుల మీద డిజిటల్ సంతకం పెట్టే పద్ధతి తెచ్చారు, డీఎన్ఎస్ సెక్ అంటారు. డాట్ ఇన్‌లో ఉంది. ఆ సంతకం కూడా రెండువైపులా పదునున్న కత్తిలాంటిదే. 2023 మే నెలలో న్యూజిలాండ్‌లో, 2024 జనవరి 30న రష్యాలో ఆ సంతకాల తాళంచెవులు మార్చేటప్పుడు పొరపాటు జరిగి, నిజమైన జవాబులు కూడా దొంగ జవాబుల్లా కనిపించి సైట్లు తెరుచుకోలేదు.

ఇవన్నీ చదివాక ఒక విషయం నాకు నెమ్మది కలిగించింది. మన పుస్తకం వెనక రాతపని చేసే కంపెనీ ఈ పదేళ్లలో మారుతూ వచ్చింది. 2005 నుంచి అఫిలియాస్ చూసేది, 2019లో న్యూస్టార్‌కి వెళ్లింది. ఆ మర్నాడే అన్నట్టు 2020లో న్యూస్టార్‌లోని ఆ విభాగాన్ని గోడాడీ కొనుక్కుంది. ఆ తర్వాత కెనడాకి చెందిన టుకౌస్‌కి అప్పగించారు. లక్షల పేర్లున్న పుస్తకాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చారు, మా కొట్టుకి తెలియను కూడా తెలియలేదు. గడువు విషయంలో, పత్రాల విషయంలో నా పేరు ఆగింది తప్ప, పుస్తకం జవాబివ్వక ఆగిన రోజు నాకు గుర్తు లేదు. ఈ పదేళ్లలో నేను మెచ్చుకునేది అన్నిటికంటే ఇదే. అయితే మన దేశపు పేర్ల పుస్తకం వెనక రాతపనికి ప్రతిసారీ బయటి దేశపు కంపెనీని పిలవాల్సి రావడం నాకు నచ్చదు. మన పిల్లలు ఎక్కడెక్కడి దేశాల సర్వర్లు నడుపుతున్నారు, మనదాన్ని నడపలేరా?

తెలుగులో తీసుకున్న పేరు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష నాకే అసంపూర్తిగా ఉంటుంది. డాట్ ఇన్‌తో పాటు మన భాషల్లో డాట్ భారత్ కూడా నిక్సీదే. నాగరి లిపిలో 2014లో మొదలైంది, తెలుగులో కూడా దొరుకుతుంది, పేరూ తోకా రెండూ తెలుగు అక్షరాల్లోనే. మేం ఒకటి తీసుకుని పార్సిల్ కవర్ మీద పెద్దగా అచ్చు వేయించాం. కవర్లు వచ్చిన రోజు, మా దగ్గర పదిహేనేళ్లుగా పిక్కలు వలిచే ఆవిడ ఒకటి తీసుకుని వేలుపెట్టి కూడబలుక్కుని చదివింది. చదివి, "మన అచ్చరాలే కదేటమ్మా. ఇది కొడితే మన కొట్టు వచ్చేత్తాదా?" అంది. ఆవిడ ఫోన్లోనే కొట్టి చూపించాను. వచ్చింది. తను ఎండబోసిన పిక్కల బొమ్మ చూసుకుని ఫోన్ అందరికీ తిప్పింది. ఆ ఒక్క సాయంత్రానికి ఆ పేరు మీద నేను పెట్టిన డబ్బు తీరిపోయింది.

వాడకానికొచ్చేసరికి మాత్రం కష్టం ఉంది. ఆ పేరుని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే, కొన్నిసార్లు ఎక్స్, ఎన్, రెండు గీతలు, ఆ తర్వాత అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. కంప్యూటర్లు లోపల ఆ రూపంలోనే దాచుకుంటాయి. చూసినవాళ్లు వైరస్ లింకు అనుకున్నారు. తెలుగు పేరుతో మెయిల్ పెట్టుకుంటే ఒక కొరియర్ కంపెనీ ఫారం "సరైన మెయిల్ రాయండి" అని తిప్పికొట్టింది. ఇందులో తప్పు రిజిస్ట్రీది కాదు, ఫారాలు తయారుచేసేవాళ్లది. ఇంకో సంగతి: తెలుగులో సున్నా అంకె, అక్షరం పక్కన వచ్చే సున్న చూడ్డానికి ఒకటే. బ, భ లకి తేడా ఒక చిన్న గీత. మోసగాళ్లకి ఇది చాలు. అందుకే ఏ భాషలో ఏ అక్షరాలు ఏ వరుసలో కలవొచ్చో పట్టికలు పెట్టి, దాని ప్రకారమే పేర్లు ఇస్తారు. ఆ పట్టికలు తయారుచేసినవాళ్లకి నా నమస్కారం. ఇప్పటికి మాత్రం, ముందు డాట్ ఇన్ తీసుకోండి, తెలుగు పేరుని దానికి తోడుగా పెట్టుకోండి. ఒక్క తెలుగు పేరు మీదే వ్యాపారం నడపడం ఇంకా కుదరదు.

ధర గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. మొదటి ఏడాది చవగ్గా చూపించి రెండో ఏడాది నుంచి అసలు ధర చెప్పే రిజిస్ట్రార్లు ఎక్కువ. కొనేటప్పుడే రెన్యూవల్ ధర చూసుకోండి. నాకు జీఎస్టీతో కలిపి ఏడాదికి తొమ్మిది వందల చిల్లర పడింది. 240 రకం గుండు పప్పు కిలో ధర కూడా కాదు.

ఈమధ్య బ్యాంకుల విషయంలో చేసిన పని నాకు బాగా నచ్చింది. రిజర్వ్ బ్యాంక్ చెప్పగా, 2025 అక్టోబర్ 31 లోగా బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్ అనే తోకకి మారాలన్నారు. ఆ తోక ఇచ్చేది హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే, బ్యాంకు కానివాళ్లకి ఇవ్వదు. మామయ్యగారికి ఇప్పుడు ఒక్క మాటే నేర్పాను, "మీ బ్యాంకు సైట్ చివర బ్యాంక్ డాట్ ఇన్ లేకపోతే ముట్టుకోకండి" అని. ఆయన అది పట్టుకున్నారు. చేనేతలకి, ఊరి పేరు మీద అమ్ముడుపోయే సరుకులకి కూడా అలాంటి గట్టు వేసిన తోక ఒకటి ఉండాలని నా కోరిక. పొందూరు ఖద్దరు నేసేవాళ్లకి, పలాస పప్పు అమ్మేవాళ్లకి, లైసెన్స్ చూసి, ఊరు చూసి, అప్పుడు ఇవ్వాలి. నిక్సీకి ఈ మాట రాశాను. జవాబు కోసం చూస్తున్నాను.

మార్కులు వేయమంటే, పేరు ఆగకుండా నిలబెట్టినందుకు ఐదుకి ఐదు. దొంగ పేరు మూయడంలో మూడు. మనలాంటివాళ్లకి అర్థమయ్యే భాషలో మాట్లాడటంలో ఒకటిన్నర, అది కూడా డాట్ భారత్ ఉంది కాబట్టి. డాట్ ఇన్ తీసుకోండి. పేరుకి దగ్గరగా ఉన్న ఒకటి రెండు స్పెల్లింగులు కూడా మీరే కొనేసుకోండి, నేనైతే ఇప్పుడు మూడు కొన్నాను. ఖాతాకి రెండంచెల తాళం పెట్టండి, పేరుని ఎవరూ ఇంకో రిజిస్ట్రార్ దగ్గరికి మార్చేయకుండా బదిలీ తాళం వేసి ఉంచండి.

విజయనగరం మాస్టారికి పోలీసుల ద్వారా సగం డబ్బు వెనక్కి వచ్చిందట. పండగకి మేం రెండు కిలోలు పంపాం, ఆయన వద్దన్నా మేం ఊరుకోలేదు. ఉగాదికి ఆయనే మళ్లీ ఫోన్ చేశారు, ఆర్డర్ పెడతానని. కానీ ముందు, "నువ్వు చెప్పమ్మా, నేను రాసుకుంటాను" అని మా సైట్ పేరుని నా నోట ఒక్కో అక్షరమే పలికించుకున్నారు. చివర డాట్ ఇన్ దాకా రాసుకుని, మళ్లీ మొదటి నుంచి ఆయన చదివి నాచేత అవుననిపించుకుని, అప్పుడు డబ్బు వేశారు.